శవాసనంలో గురక, మంచం మీద జాగారం

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రోజూ సాయంత్రం యోగా క్లాసుకి వెళ్తాను. చివర్లో యోగనిద్ర చేయిస్తే ఐదు నిమిషాలకే గురక పెడుతున్నానట. రాత్రి పదింటికి పక్క ఎక్కితే మాత్రం పన్నెండు దాకా దొర్లడమే. యోగనిద్ర నాకు పడటం లేదా?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: పడుతోందమ్మా, వేళ కుదరలేదంతే. పేరులో నిద్ర ఉన్నా, మెలకువగా ఉండటమే యోగనిద్రలో అసలు నియమం. పూర్వం తాంత్రిక ఉపాసకులు న్యాసం చేసేటప్పుడు ఒంట్లో ఒక్కో చోట మంత్రాన్ని నిలిపేవారు. ముంగేర్‌లో బీహార్ యోగ విద్యాలయాన్ని స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి ఆ పద్ధతిని మంత్రం లేకుండా, అందరూ చేసుకునేలా మలిచారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అంటూ గురువు చెబుతుంటే మన ధ్యాస వెంట నడుస్తుంది. మీరు చిటికెనవేలు దాకా కూడా రాకుండానే నిద్రలోకి జారుతున్నారు.

అందులో తప్పేమీ లేదు, మీరు అలసి ఉన్నారని అర్థం. కానీ మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. రాత్రి కళ్లు మూతపడేలా చేసేది అదే. సాయంత్రం తీసిన కునుకులో అది కొంత తరిగిపోతుంది. ఆకలిగా ఉన్నప్పుడు పకోడీలు తిని, భోజనం సహించడం లేదంటే ఎలా?

క్లాసులో పడుకున్నప్పుడు మోచేయి నేలకి ఆనించి, ముంజేతిని నిటారుగా నిలపండి. కునుకు పట్టగానే చెయ్యి వాలి మెలకువ వస్తుంది. అదీ కుదరకపోతే కుర్చీలో కూర్చునే చేయండి.

రాత్రికి వేరే సాధన చెబుతాను. భోజనమైన రెండు గంటల తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టండి. తల కింద పల్చటి దిండు, కళ్ల మీద మడతపెట్టిన చేతిరుమాలు ఉంచుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఆ వదిలే సమయాన్ని పెంచితే ఒళ్లు నెమ్మదిస్తుంది. ఆయాసం అనిపిస్తే లెక్క మానేసి, మామూలుగా ఊపిరి తీసుకోండి. పది నిమిషాలు చాలు. అప్పటికీ మంచం మీద ఎంతసేపటికీ నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చోండి. కళ్లు బరువెక్కాకే మళ్లీ పక్క ఎక్కండి. గడియారం వైపు మాత్రం చూడొద్దు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిని వేధించేది అదే. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలైనా ఇలాగే ఉంటే అది నిద్రలేమి జబ్బు. వైద్యుణ్ని కలవండి. దానికి మందుల కంటే ముందు ఇచ్చే ప్రవర్తనా చికిత్స ఉంది.

ప్రశ్న: నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారుజామున ఇంటికొస్తాను. బాగా అలిసిపోతే నిద్ర పడుతుందని 30 సూర్యనమస్కారాలు చేస్తున్నాను. ఇంకా హుషారొస్తోంది!
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: హుషారు రావడమే వాటి గుణం. ఆ నమస్కారాలు నిద్ర లేచాక, డ్యూటీకి వెళ్లే ముందు చేయండి. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో స్నానం, గదికి మందపాటి తెరలు, ఏడు సార్లు భ్రామరి. తుమ్మెద ఝుంకారంలా సన్నగా శబ్దం చేస్తూ గాలి వదిలితే, ఆ గాలి దానంతటదే పొడవవుతుంది. షిఫ్టు చివరి సగంలో కాఫీ మానేయండి. ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్‌లో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: మా వారి గురక వీధిలోకి వినిపిస్తుంది. మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తారు. ఏ ప్రాణాయామం మంచిది?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు పరీక్ష, తర్వాతే ప్రాణాయామం. మీరు చెప్పినవి స్లీప్ ఆప్నియా లక్షణాలు. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. ఊపిరితిత్తుల డాక్టరు గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు గానీ స్లీప్ స్టడీ చేయిస్తారు. అవసరమైతే మాస్కుతో గాలి పంపే సీపాప్ యంత్రం ఇస్తారు. అప్పటిదాకా వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోమనండి. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోనివ్వకండి. ఆసుపత్రికి ఆయన్ని ఒక్కరినే పంపకండి. ఊపిరి ఆగడం చూసింది మీరు, ఆయనకి తెలియదు.