పాత నేరం, నేటి శిక్ష

ప్రశ్న: న్యూ సౌత్ వేల్స్‌లో 1980లలో జరిగిన నేరానికి ఇప్పుడు శిక్ష వేస్తే ఆనాటి పెరోల్ పద్ధతే చూస్తారా? – ఒక పాఠకురాలు, సిడ్నీ

జవాబు: ఇప్పుడు చూడరమ్మా. ఒకప్పుడు చూసేవారు. నేరం నాటి శిక్షల తీరును లెక్కలోకి తీసుకోవాలని 2002లో ఎంజేఆర్ కేసులో అక్కడి క్రిమినల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఉదాహరణకు, 1980లలో పెరోల్‌కు ముందు జైల్లో గడపాల్సిన కాలంలోనూ కోతలుండేవి. 1989 చట్టం వాటిని ఆపింది. ఎన్నో ఏళ్లకు నోరు విప్పిన బాధితులకు ఆ పాత లెక్క అన్యాయమే చేసిందని నా అభిప్రాయం. పిల్లలపై లైంగిక నేరాలకు 2018లో, మిగతావాటికి 2022లో చట్టం మారింది. ఇప్పుడు నేటి పద్ధతే ప్రమాణం. మిగతా నేరాల్లో మాత్రం అసాధారణ పరిస్థితులుంటే పాతది చూడవచ్చు. గరిష్ఠ శిక్ష మాత్రం నేరం నాటిదే, తర్వాత చట్టం దాన్ని తగ్గించి ఉంటే తగ్గించినదే.