మూడు ఊర్లు, ఒక తాళం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు పేర్లు మీరు బస్సు బోర్డుల మీద చదివే ఉంటారు. మదనపల్లెకు పుంగనూరు దగ్గరే. కుప్పం అట్లా కాదు. పలమనేరు, వి.కోట దాటి పోవాలి. ఇంకాస్త పోతే ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక.

ఒక కుటుంబం ఈ మూడు ఊర్లలో ఉందనుకోండి. అవ్వ పుంగనూరులో కొడుకు దగ్గర ఉంటుంది. పెద్ద కూతురిని మదనపల్లెకు ఇచ్చారు. చిన్న కూతురిని కుప్పానికి ఇచ్చారు. మదనపల్లె మనవరాలు పదో తరగతి. బాగా పాడుతుంది. కుప్పం మనవడు తొమ్మిదో తరగతి. డోలక్ వాయిస్తాడు. పుంగనూరు మనవరాలు ఎనిమిదో తరగతి. చెక్కలు పట్టుకుంటే వదలదు.

తాత చెక్కభజన గురువు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఆడించిన పాటల్లో ఒక పెద్ద పాట ఇప్పుడు అవ్వ నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. అవ్వకు ఆయాసం. రెండు చరణాలు పాడితే ఆగాలి. మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు అందరూ కలుస్తారు. అప్పుడు ఆ పాట ఆడాలని పిల్లల ఆశ. జాతరకు రెండు నెలలు ఉంది. వారం వారం కలవాలంటే బస్సు చార్జీలు ఎవరిస్తారు? రాత్రిపూట ఆడపిల్లలను ఎవరు పంపుతారు?

ఒక రాత్రి ముగ్గురూ ఫోన్లో వీడియో కాల్ పెట్టుకున్నారు. మదనపల్లె పిల్ల పాట ఎత్తుకుంది. కుప్పం పిల్లవాడు డోలక్ అందుకున్నాడు. దెబ్బ పాట వెనకాల పడింది.

"రేయ్, తొందరగా వాయించు" అంది అక్క.

"నేను సరిగ్గానే వాయిస్తా ఉండానక్కా. నువ్వే నిదానంగా పాడతా ఉండావు" అన్నాడు తమ్ముడు.

పుంగనూరు పిల్ల చెక్కలు తట్టింది. "వదినా, వినపడతా ఉందా?" అని అరిచింది. అరుపు వినపడింది. చెక్కలు వినపడలేదు. పాట సాగి సాగి నాలుగో వరసలో నిలిచిపోయింది.

"మీకు తాళం రాదు పొండి" అంది అవ్వ.

పాపం, పిల్లలకు తాళం వచ్చు. మరి తప్పు ఎక్కడ జరిగింది?

చెరువు అవతలి గట్టున బట్టలు ఉతికే మనిషిని చూడండి. బట్ట బండ మీద పడటం ముందు కనిపిస్తుంది. చప్పుడు తర్వాత వినిపిస్తుంది. గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గట్టు అంత దూరంలో ఉంటే చప్పుడు ఒక సెకను ఆలస్యంగా వస్తుంది.

ఫోన్లో ఆలస్యం వేరే రకం. ఫోను మన గొంతును అంకెలుగా మారుస్తుంది. వాటిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. ఆ పొట్లాలు టవర్లు, తీగలు, పెద్ద కంప్యూటర్లు దాటి పోతాయి. అవతలి ఫోను పొట్లాలన్నీ వరసగా చేరేదాకా కాసేపు ఆగుతుంది. అప్పుడు విప్పి వినిపిస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగానికి మదనపల్లె ఎంత, కుప్పం ఎంత! కట్టడానికి, విప్పడానికి, వరసలో కాచుకోవడానికే కాలం పడుతుంది. మామూలు కాల్‌లో ఈ ఆలస్యం సెకనులో పదో వంతు ఉండవచ్చు. నాలుగో వంతు కూడా ఉండవచ్చు. మాటలకు అది తెలియదు. తాళానికి తెలుస్తుంది.

లెక్క వేసి చూడండి. పాట నడక నిమిషానికి 80 దెబ్బలు. 60 సెకన్లను 80తో భాగించండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ముప్పావు సెకను వస్తుంది. అంటే 0.75. పాట మదనపల్లె నుంచి కుప్పం చేరడానికి 0.2 సెకను పట్టిందనుకోండి. డోలక్ దెబ్బ తిరిగి రావడానికి ఇంకో 0.2. మొత్తం 0.4 సెకను. ఇది సగం దెబ్బ కంటే ఎక్కువ. పాడే పిల్ల దెబ్బ కోసం ఆగుతుంది. వాయించే పిల్లవాడు పాట కోసం ఆగుతాడు. ఒకరి కోసం ఒకరు ఆగి ఆగి పాట నీరసపడుతుంది. అదే 10 మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబడితే ఆలస్యం 0.03 సెకను మాత్రమే. అంతవరకు మనుషులు సర్దుకుంటారు.

చెక్కలు ఎందుకు వినపడలేదు? ఫోన్ కాల్ మాటల కోసం చేసింది. చెక్కల చప్పుడు, గజ్జెల చప్పుడు దానికి ఉత్త గోల. అణిచేస్తుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఒకరి గొంతు తగ్గిస్తుంది. సంతలో నిలబడి మాట్లాడేవారికి ఇది మేలే. భజనకు మాత్రం పనికిరాదు.

అయితే అందరూ ఒకే క్షణంలో పాడి తీరాలా? ఒకరు ఒక చోట పాడితే, ఇంకొకరు ఇంకో చోట ఇంకో రోజు అందుకోకూడదా?

ఇటువంటి పని మదనపల్లెలో 1919లోనే జరిగింది. అప్పుడు ఇలాంటి ఫోన్లు లేవు. కాగితంతో జరిగింది. అనిబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ మదనపల్లెలో ఉంది. అందరూ బీటీ కాలేజీ అంటారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండ్ దేశస్థుడు, కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. ఠాగూరు అక్కడ జనగణమన పాడారు. పిల్లలు గొంతు కలిపారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాట స్వరాలను కాగితం మీద పెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూరు ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చి రాశారు. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన ఆ పాట 1950 జనవరి 24న దేశానికి జాతీయ గీతమయింది. స్వరం రాసిన కాగితం ఉంటే, పాడినవారిని ఎన్నడూ చూడనివారు కూడా అదే పాటను అదే నడకలో పాడగలరు.

2010లో అమెరికా సంగీతకారుడు ఎరిక్ విటాకర్ ఇంకో విధంగా చేశాడు. 12 దేశాల నుంచి 185 మంది ఎవరింట్లో వారు ఒంటరిగా పాడి పంపారు. అందరికీ తాళం చూపే వీడియో ఒక్కటే. ఆ గొంతులన్నీ కలిపితే ఒకే బృందగానం అయింది. 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు చాలా దేశాల పిల్లలు ఈ దారి పట్టారు.

మన పిల్లలూ అదే దారి పట్టారు. బ్యాండ్‌ల్యాబ్ అని ఒక యాప్ ఉంది. సింగపూర్ కంపెనీది. ఫోన్లో ఉచితంగా వాడుకోవచ్చు. అందులో ఒక్కొక్కరి పాటకు ఒక్కొక్క గీత ఉంటుంది. రూళ్ళ నోటుపుస్తకం లాగా అనుకోండి. మొదటి గీత మీద శ్రుతి. రెండో గీత మీద డోలక్. మూడో గీత మీద గొంతు. ఒకరు మొదలుపెట్టి, తక్కినవారిని పిలవాలి. పిలుపు అందినవారు ముందు గీతలు వింటూ తమ గీత మీద తాము పాడాలి.

ముందుగా రెండు సంగతులు ఒప్పుకోవాలి. నడక ఎంత, శ్రుతి ఎంత. నడక 80 అని పెట్టారు. యాప్ టిక్కు టిక్కుమని 80 దెబ్బలు వినిపిస్తుంది. శ్రుతి అయిదు కట్టలు. ఇవి రాసుకోకుండా మొదలుపెడితే తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

చెవిలో పెట్టుకునేది తీగ ఉన్నదే కావాలి. తీగ లేని బ్లూటూత్ దానికి దాని ఆలస్యం ఉంటుంది. చెవిలో ఏమీ పెట్టుకోకపోతే ముందు గీతల చప్పుడు మళ్ళీ మైకులోకి పోతుంది. ఇంతకంటే కొనాల్సింది ఏమీ లేదు. ఖరీదైన మైకు కావాలని పిల్లలు మారాం చేస్తే వినకండి. తలుపు మూసి, ఫ్యాను ఆపితే చాలా మేలు.

యాప్ వద్దనుకుంటే రెండు ఫోన్లతోనూ చేయవచ్చు. ఒక ఫోన్లో డోలక్ వినాలి. ఇంకో ఫోన్లో పాట రికార్డు చేసి పంపాలి. అందరూ మొదట మూడు చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లు ఒకదాని కింద ఒకటి పెడితే పాటలు సరిగ్గా కలుస్తాయి. కలపడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాధనం ఉంది. మూడు నిమిషాల పాటను కుదించి పంపితే దాదాపు 3 ఎంబీ. వీడియో కాల్ కంటే చాలా తక్కువ డేటా.

ఒకే క్షణంలో పాడించే సాధనాలూ లేకపోలేదు. జామ్యులస్ అలాంటిదే. ఉచితం. అయితే కంప్యూటర్ కావాలి, తీగ ఇంటర్నెట్ కావాలి. ముగ్గురి గొంతులు కలిపే కంప్యూటర్ దగ్గరలో ఉండాలి. మూడు ఇళ్ళలోనూ ఇవి ఉండటం అరుదు.

ఇక పాట. అవ్వ పాడాలి కదా? ఆయాసం కదా?

"చరణం చరణం పాడు అవ్వా. ఊపిరి తీసుకుని ఇంకోటి పాడు" అంది పుంగనూరు మనవరాలు. అవ్వ రాత్రిబడిలో అక్షరాలు నేర్చిన మనిషి. ముందు పాట మొత్తం కాగితం మీద రాసింది. రాయడానికి మూడు రోజులు పట్టింది. మనవరాలు దాన్ని ఫోటో తీసి మదనపల్లెకు, కుప్పానికి పంపింది. తర్వాత అవ్వ పాడింది. రోజుకు రెండు చరణాలు.

"ఇది ఎవరెవరికి వినపడుతుంది?" అని అడిగింది అవ్వ.

మనవరాలు చూపించింది. అందరికీ వినిపించాలా, మన ముగ్గురికేనా అని యాప్ అడుగుతుంది. ముగ్గురికే అని పెట్టారు. ఈ సంగతి పెద్దవాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి. యాప్‌లో మాటలు ఎక్కువ ఇంగ్లీషులోనే ఉంటాయి. పిల్లల చేత చదివించుకుని, అర్థం చెప్పించుకోండి.

పది రోజులకు ఆరు గీతలు నిండాయి. కుప్పం పిల్లవాడు అన్నీ కలిపి పంపాడు. డోలక్ బాగుంది. చెక్కలు ఖణ్ణుమన్నాయి. అవ్వ కళ్ళు మూసుకుని విన్నది. నాలుగో చరణం దగ్గర చెయ్యి ఎత్తింది.

"ఆపు. ఆ మాట అది కాదు. మీ తాత వేరేగా అనేవాడు."

"పాటంతా మళ్ళీ పాడాలా అవ్వా?"

"ఎందుకు? నా గీత మీద ఆ ఒక్క చరణం తుడిచెయ్యి. నేను మళ్ళీ పాడతా."

చదివి చెప్పండి:
అవ్వ పాట నడక నిమిషానికి 60 దెబ్బలు అయితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత కాలం?
వీడియో కాల్‌లో చెక్కల చప్పుడు ఎందుకు వినపడలేదు?
మీ ఇంట్లో పెద్దవాళ్ళకు మాత్రమే వచ్చిన పాట ఏది? దాని మొదటి చరణం అడిగి, మీ నోటుపుస్తకంలో రాయండి.