కేబినెట్‌లో బిగించే ముందే కొత్త పీసీని టెస్ట్ చేయడం ఎలా?

కొత్త పీసీ పార్ట్స్ అన్నీ ఇంటికి వచ్చిన రోజు చేతులు ఊరుకోవు. కేబినెట్ పడుకోబెట్టి, మదర్‌బోర్డు పెట్టి, స్క్రూలు బిగించి, కేబుల్స్ వెనక నుంచి నీట్‌గా లాగి, జిప్ టైలు కూడా కట్టేసి... అప్పుడు పవర్ బటన్ నొక్కుతాం. నా మొదటి బిల్డ్ అలాగే చేశాను. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్. రాత్రి రెండింటి దాకా ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చున్నాను. ఆ కంగారులో ప్రాసెసర్ తీసి పెట్టేటప్పుడు చేయి జారి సాకెట్ పిన్స్ వంగాయి. తీరా చూస్తే బోర్డు తప్పేమీ లేదు. బోర్డుకి రంధ్రం లేని చోట కేబినెట్‌లో ఒక ఇత్తడి స్టాండాఫ్ ఉండిపోయి వెనక నుంచి తగులుతోంది, అంతే. పిన్స్ వంగితే ఫిజికల్ డ్యామేజ్ కింద లెక్క, వారంటీ రాదు. బోర్డు డబ్బులు అలా పోయాయి.

మాది ఉక్కునగరం. నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ఆ రాత్రి నా వాలకం చూసి ఒక్కటే అడిగారు: "ఏట్రా, నో-లోడ్ ట్రయల్ చూడకుండానే కప్లింగ్ బిగించేశావా?"

పెద్ద మోటార్ మార్చినప్పుడు ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూస్తారు. తర్వాత గేర్‌బాక్స్‌కి కలపకుండా మోటార్ ఒక్కదాన్నే తిప్పుతారు. తిరిగే దిశ, కరెంటు, బేరింగ్ వేడి, చప్పుడు అన్నీ బాగుంటేనే కప్లింగ్. అప్పుడు తేడా వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పీసీలో ఇదే పనిని కేబినెట్ బయట చేస్తారు, బిల్డర్స్ దీన్ని బ్రెడ్‌బోర్డింగ్ అంటారు.

మొన్న పక్క క్వార్టర్‌లో ఉండే తమ్ముడికి పీసీ కట్టేటప్పుడు ఈ పద్ధతే పాటించాను. ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్ వాడు, వాళ్ళ నాన్న కూడబెట్టిన డబ్బు. రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 16 జీబీ డీడీఆర్5 స్టిక్స్ రెండు. వాడికి ఆత్రం, నాకు భయం.

ముందు ప్లగ్ పాయింట్ చూశాను. చాలామంది దీన్ని వదిలేస్తారు. మల్టీమీటర్‌తో చూస్తే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి ఉండకూడదు. మెయిన్స్ మీద మీటర్ పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇందులో హీరోయిజం వద్దు. ఎర్తింగ్ బాగుంటే ఎస్ఎంపీఎస్‌ని ప్లగ్‌లో పెట్టి, దాని వెనక స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, దాని లోహపు బాడీని అప్పుడప్పుడు ముట్టుకుంటూ పని చేస్తే ఒంట్లో స్టాటిక్ పోతుంది. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, ఇక్కడ స్టాటిక్ ఏముంటుంది అంటారు కొందరు. తగ్గుతుంది కానీ పోదు, ఏసీ వేసిన గదిలో ఆ తేమ కూడా ఉండదు. నిజానికి మన ఊళ్ళో నాకు చెమటంటేనే ఎక్కువ భయం. ప్రాసెసర్ పెట్టేటప్పుడు నుదుటికి రుమాలు కట్టుకున్నాను, వాడు నవ్వినా సరే.

బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టండి. బోర్డు వచ్చిన వెండి రంగు కవర్ మీద మాత్రం పెట్టి కరెంటు ఇవ్వకండి. ఆ కవర్ పని ఛార్జ్‌ని పారించడం, అంటే ఇన్సులేటర్ కాదు. గ్రాఫిక్స్ కార్డు కూడా టెస్ట్ చేసే ఆలోచన ఉంటే బోర్డు పోర్టుల వైపు అంచు పెట్టె అంచుకి సరిపోయేలా జరపండి, లేకపోతే కార్డు బ్రాకెట్ పెట్టెకి తగిలి స్లాట్‌లో పూర్తిగా దిగదు.

మొదటి బూట్‌కి కావలసినవి కొన్నే: ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, 24 పిన్ కేబుల్, ప్రాసెసర్ పక్కన 8 పిన్ కేబుల్. ఈ 8 పిన్ దగ్గరే తికమక. 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది, 6+2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. సులువుగా దూరకపోతే బలవంతం చేయకండి. కూలర్ అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే తీసేశారా? దాని ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టారా? 7600లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి మానిటర్ కేబుల్ నేరుగా బోర్డుకి పెట్టాం. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకి ఆ వీలు లేదు, గ్రాఫిక్స్ కార్డు పెట్టాల్సిందే.

పవర్ బటన్ కేబినెట్‌కి ఉంటుంది కదా, మరి ఆన్ చేయడం ఎలా? మాన్యువల్‌లో పవర్ స్విచ్ అని చూపించిన రెండు పిన్స్‌ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. పక్క పిన్స్ జోలికి వెళ్ళకండి.

తాకించాను. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ నలుపు, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలిగింది. "అన్నా, పోయిందా?" అన్నాడు వాడు. ఆపకు అన్నాను. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి మెమరీ ట్రైనింగ్ చేసుకుంటాయి, కొన్ని నిమిషాలు ఏమీ కనిపించదు. మధ్యలో కరెంటు తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పావుగంట ఆగాం. మార్పు లేదు. స్విచ్ ఆపి, స్టిక్ తీసి, అదే స్లాట్‌లో రెండో స్టిక్ పెట్టాం. రెండు నిమిషాల నలుపు తర్వాత బయోస్ వచ్చింది. మళ్ళీ మొదటి స్టిక్ పెడితే మళ్ళీ నలుపు. స్లాట్ అదే, బోర్డు అదే, మారింది స్టిక్ ఒక్కటే. ఇదే కేబినెట్‌లో బిగించాక జరిగి ఉంటే స్టాండాఫా, కేబులా, బోర్డా అని నాలుగు చోట్ల వెతికేవాళ్ళం.

బాగున్న స్టిక్‌తో బయోస్‌లో ప్రాసెసర్ పేరు, ఫ్యాన్ వేగం, వేడి చూశాం. 40, 50 డిగ్రీల దగ్గర నిలబడితే సరే. ఆగకుండా పెరుగుతూ 80 దాటుతుంటే వెంటనే ఆపి కూలర్ మళ్ళీ బిగించండి. ఎస్ఎస్‌డీ పెట్టలేదు కాబట్టి బూట్ లైటు వెలిగితే కంగారు పడనక్కర్లేదు.

రెండు స్టిక్స్ కలిపి ఒకే కిట్, అందుకే రెండూ వెనక్కి పంపాం. రీప్లేస్‌మెంట్ గడువు ఇంకా ఉంది. కొత్త జత వచ్చాక పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి, ముందు మామూలు స్పీడ్‌లో, తర్వాత ఎక్స్‌పో ఆన్ చేసి రాత్రంతా నడిపాం. నాన్న మాటలో అయితే ఇది లోడ్ ట్రయల్. బయోస్ వచ్చిందంటే నో-లోడ్ మీద తిరిగిందనే అర్థం. ఎస్ఎంపీఎస్‌కి పేపర్‌క్లిప్ పెట్టి ఫ్యాన్ తిరిగింది కాబట్టి మంచిదే అనుకునేవాళ్ళకీ ఇదే జవాబు.

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ప్లగ్ తీసి, ఆ రెండు పిన్స్ మరోసారి తాకించి మిగిలిన ఛార్జ్ పోగొట్టాం. బోర్డుకి ఎన్ని రంధ్రాలో, కేబినెట్‌లో ఎన్ని స్టాండాఫ్‌లో ఎదురెదురుగా పెట్టి వాడి చేతే లెక్క పెట్టించాను. ఒకటి ఎక్కువ తేలింది. వాడే ప్లయర్‌తో తీసి నా చేతిలో పెట్టాడు.