జంట ఆటలో మేటి సానియా

అక్కలారా! ఒక్క రోట్లో ఇద్దరు వడ్లు దంచుతారు కదా. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరి రోకలి పడుతుంది. లెక్క తప్పితే రోకళ్లు కొట్టుకుంటాయి. టెన్నిస్‌లో డబుల్స్ కూడా అంతే. వలకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఆడతారు.

సానియా మీర్జా మన హైదరాబాద్‌లో పెరిగింది. ఆరేండ్లకే ఆట మొదలుపెట్టింది. ముందు ఒంటరి ఆట కూడా ఆడేది. 2007లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది. కానీ మణికట్టు, మోకాళ్లు దెబ్బతిన్నాయి. ఆపరేషన్లు జరిగాయి. 2013లో ఒంటరి ఆట మానింది. టెన్నిస్ మాత్రం మానలేదు. జంట ఆట మీదనే మనసు పెట్టింది.

2015లో స్విట్జర్లాండ్ దేశపు మార్టినా హింగిస్‌తో జత కట్టింది. సానియా వెనుక నుంచి బలంగా కొట్టేది. మార్టినా వల దగ్గర చురుకుగా ఆడేది. ఒకరి బలం ఇంకొకరికి ఆసరా అయింది. ఆ ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానం పొందింది. మన దేశంలో ఏ మహిళా అంతకుముందు ఆ స్థానం పొందలేదు. జూలైలో ఆ జంట వింబుల్డన్ గెలిచింది.

2018లో సానియాకు కొడుకు పుట్టాడు. ఇక ఆట అయిపోయిందా? లేదు. 2020 జనవరిలో తిరిగి వచ్చి ఆస్ట్రేలియాలో కప్పు గెలిచింది. 2023లో ఆట నుంచి తప్పుకుంది.

ఆలోచించండి: ఒక దారి మూసుకుపోతే సానియా ఏం చేసింది? మీ పనిలో మీకు జత ఎవరు?

రాయండి: జంట, మణికట్టు, ఆసరా.