పనిచేసే వయసువాళ్లు నూటికి ఎంతమంది?

చిరంజీవి మనవరాలికి,

పదిహేనేళ్లు నిండి అరవై రానివాళ్లను పనిచేసే వయసువాళ్లుగా లెక్కించడం మన దేశంలో వాడుక. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో ఈ హద్దు అరవై నాలుగేళ్ల దాకా ఉంటుంది. అందువల్ల రెండు పుస్తకాల్లో అంకెలు పొసగకపోతే ముందు చూడాల్సింది వయసు హద్దునే. పనిచేసే వయసుకు ఒక పక్క పిల్లలు, ఇంకో పక్క పెద్దలు. ఈ ఇద్దరినీ కలిపి, నడుమ ఉన్న ప్రతి నూరుమందికి ఎంతమంది పడతారో చెప్పే అంకెను ఆధారపడేవారి నిష్పత్తి అంటారు.

పేరులో కొంత అన్యాయం ఉంది. డెబ్భై ఏళ్ల వయసులో రోజూ పొలానికి వెళ్లే రైతు, కోడలు ఉద్యోగానికి వెళ్తే మనవల్ని పెంచే నాయనమ్మ ఈ లెక్కలో ఆధారపడేవాళ్లే. డిగ్రీ చదివి పని దొరకని ఇరవై రెండేళ్ల కుర్రాడు మాత్రం పనిచేసేవాళ్ల వరసలో ఉంటాడు. వయసు చూసి వేసిన లెక్క ఇది, చేసే పని చూసి వేసింది కాదు.

భారతదేశాన్ని నూరుమంది ఉన్న ఒక ఊరనుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. 1971 జనగణన నాటికి ఆ ఊళ్లో పదిహేనేళ్లలోపు పిల్లలు 42 మంది, అరవై దాటినవాళ్లు ఆరుగురు, నడుమ 52 మంది. అంటే నూరుమంది పనిచేసే వయసువాళ్ల మీద 92 మంది. 2011 నాటికి పిల్లలు 31కి తగ్గారు, పెద్దలు దాదాపు 9 అయ్యారు, నడుమ వాళ్లు 60కి పెరిగారు. నిష్పత్తి 66 దగ్గరికి దిగింది. 2036లో పిల్లలు 20, పెద్దలు 15, నడుమ 65 మంది ఉంటారని కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం అంచనా. అప్పుడు నిష్పత్తి 54. ఊళ్లో బరువు తగ్గుతూనే ఉంది, కానీ ఆ బరువు పలక పట్టిన చేతుల నుంచి ఊతకర్ర పట్టిన చేతులకు మారుతోంది.

ఈ మార్పుకు మూలం కాన్పులు తగ్గడం. పల్లెటూరి బడి హాజరు పట్టీలు చూసినా ఇది కనిపిస్తుంది. ఒకప్పుడు ఒకటో తరగతికి మూడు సెక్షన్లు ఉండేవి. కొన్నేళ్లకు రెండయ్యాయి, ఆ తర్వాత ఒకటి. కాన్పులు తగ్గిన తొలి ఏడాది నుంచే ఊళ్లో పోషించాల్సిన పిల్లలు తగ్గుతారు. మూడు సెక్షన్ల కాలం నాటి పిల్లలు మాత్రం పెరిగి, ఇరవై ఏళ్లు దాటి, పనుల్లోకి వస్తారు. ఆ పెద్ద గుంపు పనిలో ఉండి, వెనక పిల్లలు తక్కువగా, ముందు ముసలివాళ్లు ఇంకా కొద్దిమందిగా ఉన్న ముప్పై నలభై ఏళ్లే దేశానికి కలిసొచ్చే కాలం. ఆ గుంపే అరవై దాటాక కథ తిరగబడుతుంది. డేవిడ్ బ్లూమ్, డేవిడ్ కానింగ్ వంటి ఆర్థికవేత్తలు ఈ కాలపు లాభాన్ని జనాభా లాభాంశం అన్నారు. తూర్పు ఆసియా దేశాలు ఆ కాలాన్ని బడులకు, కర్మాగారాలకు, పొదుపుకు వాడుకున్నాయి. పని చూపించలేని దేశంలో అదే గుంపు నిరుద్యోగుల గుంపవుతుంది.

దేశమంతటా ఈ కాలం ఒకేసారి రాలేదు. తెలుగు నేల మీద ఇది ముందే వచ్చింది, వచ్చిన తీరు కూడా వేరు. కేరళలో కాన్పులు తగ్గడానికి ఆడపిల్లల చదువు ముఖ్య కారణమని అందరూ చెబుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి 33 మందే. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలుంటే ఇక్కడ 2.6. 2005-06 నాటికి దేశంలో 2.7, ఇక్కడ 1.8. పెద్ద చదువులు లేని తల్లులు ఒకరిద్దరు పిల్లలు చాలనుకుని, చాలామంది పాతికేళ్లు నిండకుండానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే చిన్నదీ తేలికైనదీ అయినా దానికి ముందుకొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఒక రాష్ట్రపు వయసుల పట్టిక మారిందంటే ఆ మార్పును తమ శరీరాల మీద మోసింది ఈ స్త్రీలే. ఆర్థిక చరిత్రలో వాళ్లకు ఇంకా దక్కాల్సిన చోటు దక్కలేదు.

కాన్పులు ముందే తగ్గినచోట ముందే వయసు పైబడుతుంది. 2011లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు నూటికి 9.8 మంది, బీహార్‌లో 7.4. 2019-21 సర్వేలో స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3.0. తరం తర్వాత తరం అదే సంఖ్యలో నిలవాలంటే సుమారు 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో చట్టంలో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. ముప్పై ఏళ్లలో భయం ఇటునుంచి అటు మారింది.

పదవీ విరమణ వయసు కథా ఇలాంటిదే. ఉమ్మడి రాష్ట్రంలో 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు, తర్వాత మళ్లీ 58 చేశారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 61 చేసింది. పనిచేసే వయసు ప్రకృతి గీసిన గీత కాదని, మనుషులు జరుపుతూ వచ్చిన హద్దని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ వయసులో ఉన్నంతమాత్రాన అందరూ పనిలో ఉండరు. కేంద్రం జరిపే శ్రామిక సర్వే ప్రకారం 2017-18లో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో పనిచేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిసి నూటికి 23 మందే. 2023-24లో దాదాపు 42. మగవాళ్లలో ఇది 79. కొత్తగా చేరిన స్త్రీలలోనూ చాలామంది సొంత పొలంలోనో, కొట్లోనో జీతం లేకుండా పనిచేసేవాళ్లు. కాన్పులు తగ్గి ఖాళీ అయిన స్త్రీల సమయానికి తగిన జీతమున్న పని దొరకకపోతే లాభాంశంలో సగం చేజారినట్టే.

వలస ఈ పట్టికను మరోలా మారుస్తుంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లోంచి గల్ఫ్‌కు వెళ్లేదీ, ఒడిశా, బీహార్‌ల నుంచి హైదరాబాద్ కట్టడాలకు వచ్చేదీ పనిచేసే వయసువాళ్లే. వాళ్లను పెంచి చదివించిన ఖర్చు ఒక చోటిది, వాళ్ల కష్టఫలం మరో చోటిది.

ముందేం జరుగుతుందో జపాన్ చూపిస్తోంది. అక్కడ స్త్రీకి సగటు కాన్పులు 1947లో 4.5. పదేళ్లలో అవి సుమారు రెండుకు దిగాయి. 15–64 ఏళ్ల వాళ్లు 1995లో 8.7 కోట్లతో శిఖరానికి చేరి, 2020కల్లా 7.5 కోట్లకు తగ్గారు. ముసలితనంలో సేవ కోసం 2000లోనే బీమా పెట్టి, నలభై దాటిన ప్రతివారితో చందా కట్టించడం మొదలుపెట్టారు. జపాన్‌కు డబ్బొచ్చాక ముసలితనం వచ్చింది. తెలుగు రాష్ట్రాలకు అంత డబ్బు చేరకుండానే వస్తోంది.

2036లో అరవై దాటబోయేవాళ్లంతా ఈ పాటికే యాభైకి అటూ ఇటూ ఉన్నారు. అదే ఏడాది పనిచేసే వయసులో ఉండబోయేవాళ్లలో ఒక్కరూ ఇక కొత్తగా పుట్టాల్సినవాళ్లు లేరు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది కనుక ఇన్నాళ్లూ 2011 అంకెలతోనే నెట్టుకొచ్చారు. కొత్త పట్టికలు రాగానే మన మండలం పుట తీసి, పిల్లల్నీ పెద్దల్నీ కలిపి, నడుమవాళ్లతో భాగించి చూడు తల్లీ.

ఆశీస్సులతో,
తాతయ్య