వెచ్చని స్వరమా, ఉన్నదున్నట్టు పలికే స్వరమా?

ప్రశ్న: ఘంటసాల పాత పాటలు ఎక్కువగా వింటాను. వాల్వ్ యాంప్లిఫయర్‌లో గొంతు వెచ్చగా ఉంటుందని ఒకరు, ట్రాన్సిస్టర్‌దైతే ఉన్నదున్నట్టు పలుకుతుందని మరొకరు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: మీకైతే ట్రాన్సిస్టర్‌దే. వాల్వ్ యాంప్లిఫయర్లలో, ముఖ్యంగా సింగిల్ ఎండెడ్ రకంలో, రెండో హార్మోనిక్ ఎక్కువ. 220 హెర్ట్జ్ స్వరానికి 440 కూడా కాస్త తోడవుతుంది. అది అదే స్వరం పై స్థాయిలో పలికినట్టే కాబట్టి అపశ్రుతిగా తోచదు, గొంతు నిండుగా వినిపిస్తుంది. ఆ నిండుదనం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ అది రికార్డులో లేనిది. ప్రతి పాటకూ అదే రంగు పూస్తుంది. పైగా వీటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ కనుక, స్పీకర్‌ను బట్టి బేస్ ఉబ్బవచ్చు. అసలే ఆ పాత రికార్డుల్లో ట్రెబుల్ తక్కువ. దానిపై బేస్ ఉబ్బితే మాట మసకబారుతుంది. ఘంటసాల పాటలో ఒత్తులూ, హల్లులూ అంత స్పష్టంగా పలుకుతుంటే వాటిని వదులుకోవడానికి నా మనసొప్పదు.

టోన్ కంట్రోల్ ఉన్నదే ఎంచుకోండి. పాత రికార్డు గరగర ఇబ్బంది పెడితే ట్రెబుల్ కొద్దిగా తగ్గించవచ్చు. వెచ్చదనం చాలదనిపిస్తే స్పీకర్లను వెనక గోడకు కాస్త దగ్గరగా జరపండి, బేస్ పెరుగుతుంది.