కూలెంట్ డబ్బా తీసేయవచ్చా?

వేసవి సెలవుల్లో షెడ్డు పనికి వెళ్ళే తమ్ముళ్ళు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. పెద్ద బ్యాటరీకి చోటు చాలక, రేడియేటర్ పక్కనుండే తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీసేసి పైపును కిందికి వదిలేస్తుంటారు. ఇంటర్ సెలవుల్లో మేమూ అలాగే వదిలాం. పొంగిన నీళ్ళు పోయే డబ్బాయే కదా అనుకున్నాం. పదిహేను రోజులకు ఆ కారు హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి తిరిగొచ్చింది. మా వారం కూలి దానికే పోయింది.

అసలు కిటుకు రేడియేటర్ మూతలో ఉంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుందని హైస్కూల్లోనే చదివాం, పరీక్ష రాసి మరిచాం. మూత మీద 0.9 అని ఉంటే, లోపలి పీడనం బయటికన్నా 0.9 బార్ పెరిగాక పెద్ద వాల్వు తెరుచుకుని, మిగులు కూలెంట్ డబ్బాలోకి పోతుంది. ఆ పీడనంలో మామూలు నీరు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. ఇంజను చల్లారాక లోపల పీడనం పడిపోయి, మూత మధ్యనున్న చిన్న వాల్వు గుండా అదే కూలెంట్ వెనక్కి వస్తుంది. డబ్బా లేకుంటే వెనక్కి వచ్చేది గాలి!

మార్చక తప్పకపోతే డబ్బాను సైలెన్సర్ వేడికి దూరంగా, రేడియేటర్‌కు దగ్గరగా బిగించండి. పైపు కొస ఎప్పుడూ కూలెంట్‌లో మునిగే ఉండాలి. క్లిప్పు వదులైతే అక్కడ గాలి పీలుస్తుంది. డబ్బాకున్న గాలి రంధ్రం మూయకండి.

కొన్ని కార్లలో రేడియేటర్‌కు మూతే ఉండదు, పీడనం మూత డబ్బా మీదే ఉంటుంది. అలాంటి దాన్ని కదపవద్దు. ఏ మూతనైనా వేడి మీద తిప్పవద్దు.

బిగించాక బండి బాగా తిప్పి, డబ్బా మీద మట్టం గీత గీయండి. మరునాడు ఉదయం చూస్తే మట్టం గీత కన్నా దిగి ఉండాలి. దిగకుండా, చల్లని రేడియేటర్ వెలితిగా ఉంటే పైపునో మూతనో మళ్ళీ చూడాల్సిందే.